పని ఆపే అధికారం ఎవరిది?

గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి ప్రాంతాల్లోని భూగర్భ బొగ్గు గనుల్లో షిఫ్టు మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ తనకు అప్పగించిన పనిస్థలాలన్నీ తిరిగి చూస్తాడు. పైకప్పును కర్రతో తట్టి చెవి పెట్టి వింటాడు. రాయి గట్టిగా ఉంటే ఖంగుమని మోగుతుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. అలా పలికిన చోట మనుషులను వెనక్కి రప్పించి, దారికి అడ్డం కట్టి, సపోర్టు పెట్టేదాకా ఎవరినీ అడుగు పెట్టనివ్వకపోవడం అతని విధి. ఆ పని చేయడానికి అతను మేనేజరు అనుమతి కోసం ఎదురుచూడనక్కరలేదు. బొగ్గు గనుల నిబంధనలే ఆ బాధ్యతను అతని మీద పెట్టాయి.

పని భద్రత గురించి ఎన్ని పుస్తకాలు రాసినా చివరకు తేలవలసిన విషయం ఈ ఏర్పాటులో ఉంది. ముప్పును మొదట పసిగట్టే మనిషి చేతికే పని ఆపే అధికారాన్ని కూడా ఇచ్చారు. ఉత్తర తెలంగాణలో లక్షలాది మంది చేసే మిగతా పనుల్లో ఈ రెండూ వేర్వేరు మనుషుల దగ్గర ఉన్నాయి. జిన్నింగు మిల్లులో ఏ బెల్టుకు కంచె ఊడిపోయిందో అక్కడ పత్తి ఎత్తే మనిషికి తెలుసు. ఏ స్తంభం మీద రెండు ఫీడర్ల (సబ్‌స్టేషన్ నుంచి వేర్వేరుగా బయలుదేరే లైన్ల) తీగలు కలిసి వెళ్తున్నాయో లైన్‌మన్‌కు తెలుసు. ఏ డ్రైనేజీ గుంతలో వాయువు నిండి ఉంటుందో మూత తీసే కార్మికుడికి తెలుసు. వారిలో ఎవరైనా ఈ పని ఇప్పుడు వద్దు అని ఆపగలరా? ఆపితే ఆ పూట కూలి వస్తుందా? ప్రమాదాల నివారణ అంతా ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబుల మీద ఆధారపడి ఉంది. హెల్మెట్లు, బూట్లు, గోడల మీది నినాదాలు ఆ తర్వాతి మాట.

బొగ్గు గనులు నేర్పిన పాఠాలు

ఈ ప్రాంతంలో భద్రతకు అత్యంత పకడ్బందీ చట్టం ఉన్న పని బొగ్గు తవ్వకమే. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1952 నాటి గనుల చట్టం, 2017లో కొత్తగా వచ్చిన బొగ్గు గనుల నిబంధనలు, ధన్‌బాద్ కేంద్రంగా పనిచేసే గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్, ఉద్యోగంలో చేరే ముందు వొకేషనల్ ట్రైనింగ్ సెంటర్‌లో శిక్షణ, గని స్థాయిలో భద్రతా కమిటీలు, పెద్ద గనుల్లో కార్మికుల తరఫున తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు, కొన్నేళ్లకోసారి తప్పనిసరి వైద్య పరీక్షలు... ఇంత వ్యవస్థ మరే రంగంలోనూ కనబడదు. దానిలో ప్రతి నిబంధన వెనుకా ఏదో ఒక గనిలో పోయిన ప్రాణాలు ఉన్నాయి.

అయినా ప్రమాదాలు ఆగలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు ఒక్కసారిగా దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. గనిలోకి నీరు రావడం అంతుచిక్కని వింత ఏమీ కాదు. పాత పనుల్లో, అంటే తవ్వి వదిలేసిన సొరంగాల్లో, ఏళ్ల తరబడి నీరు నిలుస్తుంది. అలాంటి పాత పనులకు 60 మీటర్ల లోపు చేరుతున్నప్పుడు ముందుగా బోర్లు వేసి పరీక్షించుకుంటూ సాగాలని నిబంధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. ఆ జాగ్రత్తకు ప్రాణం పాత గని మ్యాపు. మ్యాపులో గీత పది మీటర్లు పక్కకు పడితే భూమి లోపల పనిచేసే మనిషికి ఆ తప్పు కనబడదు. సర్దార్ కర్రకు పైకప్పు చెప్పే కబురు వినిపిస్తుంది గానీ గోడ అవతలి నీటి కబురు వినిపించదు. అక్కడ పని ఆపవలసినది కార్యాలయంలో మ్యాపు ముందు కూర్చున్న సర్వేయరు, ప్లానింగు అధికారి. అంటే ముప్పు రకం మారినప్పుడు దాన్ని పసిగట్టే మనిషీ మారతాడు. ఏ ముప్పును ఎవరు చూడగలరో ముందే తేల్చుకుని, ఆ మనిషికే ఆపే అధికారం ఇవ్వాలి. పని భద్రతలో యాజమాన్యం చేయవలసిన మొదటి ఆలోచన ఇది.

2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. వారిలో భద్రత బాధ్యతలు చూసే అధికారి కూడా ఉన్నారు. పైన చెప్పిన వాదనకు ఇది గట్టి పరీక్ష. పని ఆపగలిగిన మనిషి కూడా ఆ కప్పు కిందే ఉన్నాడు. అధికారం ఒక్కటే చాలదని దీన్నిబట్టి అర్థమవుతుంది. బలహీనంగా ఉన్న కప్పును సరిచేయాలన్నా, పరిశీలించాలన్నా ఎవరో ఒకరు దాని కిందికి వెళ్లాల్సిందే అనే పరిస్థితి ఉన్నంత కాలం ఆ ముప్పు మిగిలే ఉంటుంది. మనిషి సపోర్టు ఉన్న చోటే నిలబడి బోల్టు వేయగలిగే యంత్రాలు, కప్పు కదలికను దూరం నుంచి కొలిచి చెప్పే పరికరాలు ఉన్న చోట ఆ అవసరం తగ్గుతుంది. మనిషి జాగ్రత్త కన్నా పనిచేసే పద్ధతిని మార్చడం మేలు అని భద్రతా శాస్త్రం పదేపదే చెప్పేది ఇందుకే.

ఇప్పుడు సింగరేణి బొగ్గులో అధిక భాగం ఓపెన్‌కాస్టు గనుల నుంచి, అంటే నేలను పైనుంచే తవ్వే గనుల నుంచి వస్తోంది. భూగర్భ గనితో పోలిస్తే అక్కడ పైకప్పు భయం లేదు. దాని చోట డంపర్లు, బ్లాస్టింగు, మట్టి గుట్టల జారుడు వచ్చాయి. పెద్ద డంపరు డ్రైవరుకు తన బండి ముందూ పక్కనా కొన్ని మీటర్ల మేర ఏమీ కనబడదు. ఆ గుడ్డి ప్రాంతంలోకి జీపు వచ్చినా మనిషి వచ్చినా అతనికి తెలియదు. డంపర్లకూ చిన్న బండ్లకూ వేరు వేరు దారులు వేయడం దీనికి అసలు పరిష్కారం. కెమెరా, అలారం, జీపు మీద ఎత్తుగా కట్టే జెండా ఆ తర్వాతి రక్షణలు. దారి వేయాలంటే స్థలమూ డబ్బూ కావాలి, జెండా చవక. తనిఖీ రోజున కంటికి ఆనేది కూడా జెండానే.

ఓపెన్‌కాస్టుతో పాటు వచ్చిన మరో పెద్ద మార్పు కాంట్రాక్టు. బొగ్గు పైనున్న మట్టిని, రాతిని తొలగించే ఓబీ పనులు చాలావరకు ప్రైవేటు సంస్థల చేతిలో ఉన్నాయి. 2020 జూన్ 2న రామగుండం ప్రాంతంలోని ఒక ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు కోసం పేలుడు పదార్థం నింపుతుండగా పేలి చనిపోయిన నలుగురూ కాంట్రాక్టు కార్మికులే. పర్మినెంటు కార్మికుడికి యూనియన్ ఉంది, కమిటీలో ప్రతినిధి ఉన్నాడు, పని ఆపితే ఉద్యోగం పోదన్న ధీమా ఉంది. అదే గేటులోంచి లోపలికి వెళ్లే కాంట్రాక్టు కార్మికుడికి ఇవేవీ లేవు. గని ఒకటే, చట్టం ఒకటే, ఆపే శక్తి మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు. చట్టం దృష్టిలో గని యజమాని బాధ్యత కాంట్రాక్టరుకు అప్పజెప్పినంత మాత్రాన తీరిపోదు. ఆ సంగతి ప్రమాదం జరిగాక కోర్టులో గుర్తుకు రావడం కన్నా టెండరు కాగితం రాసేటప్పుడే గుర్తుకు రావాలి.

ఎల్‌సీ అనే ప్రాణరక్షణ

గనుల బయట ఈ ప్రాంతంలో పకడ్బందీ పద్ధతి ఉన్న మరో పని కరెంటు. లైను మీద పనిచేయాలంటే లైన్‌మన్ ముందుగా సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోవాలి. అందరూ ఎల్‌సీ అని పిలిచేది దీన్నే. ఆపరేటరు ఆ ఫీడరును ఆపి, లాగ్‌బుక్కులో ఎవరి పేరు మీద, ఏ ఫీడరుకు, ఎన్ని గంటలకు ఇచ్చాడో రాస్తాడు. లైన్‌మన్ స్తంభం దగ్గర కరెంటు లేదని పరీక్షించి, డిశ్చార్జి రాడ్డుతో తీగలను భూమికి కలిపి, పనిచేసే చోటుకు రెండు వైపులా ఎర్తింగు పెట్టి అప్పుడు పైకెక్కాలి. పని ముగిశాక ఎల్‌సీ తీసుకున్న మనిషే దాన్ని తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా ఎవరు అడిగినా, ఎంత మంది రైతులు ఫోను చేసినా ఆపరేటరు లైను ఛార్జి చేయకూడదు.

ఇది గొప్ప పద్ధతి. స్తంభం మీదున్న మనిషి చేతిలోనే స్విచ్చు ఉన్నట్టు చేస్తుంది. ఇది ఎక్కడ తెగుతుందో చూస్తే భద్రత ఎలా చెడుతుందో తెలుస్తుంది. గాలివాన రాత్రి ఎల్‌సీ మాటగా ఫోనులో అడిగి, మాటగానే ఇచ్చుకుంటారు. ఒకే పేరున్న రెండు ఊళ్లు, ఒకే స్తంభం మీద రెండు ఫీడర్లు ఉన్నప్పుడు ఒకటి అడిగితే మరొకటి ఆగుతుంది. సహాయకుడు ఇంకా పైనే ఉండగా పని అయిపోయిందనుకుని ఎల్‌సీ తిరిగి ఇచ్చేస్తారు. ఫీడరు నిజంగానే ఆగినా, ఎక్కడో ఫంక్షన్ హాలులోనో రైసు మిల్లులోనో జనరేటరు నడుస్తూ, లైను కరెంటునూ జనరేటరు కరెంటునూ వేరుగా ఉంచే ఛేంజోవర్ స్విచ్చు సరిగా లేక కరెంటు వెనక్కి తీగలోకి ఎక్కుతుంది. ఎర్తింగు పెట్టి ఉంటే ఈ తప్పుల్లో చాలావాటి నుంచి ప్రాణం దక్కుతుంది. ఎర్తింగు పెట్టడానికి పది నిమిషాలు పడుతుంది. కింద ఊరంతా చీకట్లో ఎదురుచూస్తుంటే ఆ పది నిమిషాలే ముందుగా ఎగిరిపోతాయి. కాబట్టి పది నిమిషాలు ఆలస్యమైనందుకు లైన్‌మన్‌ను ఎవరూ నిలదీయకుండా చూడడం పై అధికారి పని. రాడ్డు కొని ఇవ్వడంతో అతని బాధ్యత తీరదు.

ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మరు దగ్గర జరిగేది ఇంకా బాధాకరం. ఫ్యూజు పోతే మోటారు ఆగుతుంది, పొలం ఎండుతుంది. లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక రైతే ట్రాన్స్‌ఫార్మరుకు కరెంటు తెంచే ఏబీ స్విచ్చు దించి ఫ్యూజు వేయబోతాడు. స్విచ్చు హ్యాండిలు కిందికి వచ్చినా పైన మూడు బ్లేడ్లలో ఒకటి అతుక్కుని ఉండిపోవచ్చు. కింద నుంచి చూస్తే అన్నీ తెరుచుకున్నట్టే కనిపిస్తుంది. ఈ ఒక్క విషయం ప్రతి ట్రాన్స్‌ఫార్మరు గద్దె మీదా పెద్ద అక్షరాలతో రాయదగినది. ఆ రైతుకు ఫ్యాక్టరీ చట్టం లేదు, భద్రతాధికారి లేడు. అతని పొలమే అతని పనిస్థలం.

వాసన తెలియని విషం

సెప్టిక్ ట్యాంకులు, మురుగు గుంతలు, పాడుబడ్డ బావులు ఈ ప్రాంతంలోనూ ప్రాణాలు తీస్తాయి. అక్కడ చంపేది ఎక్కువగా హైడ్రోజన్ సల్ఫైడ్, లేదా ఆక్సిజన్ లేకపోవడం. హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. సుమారు 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) దగ్గర ముక్కు వాసన పట్టే శక్తిని కోల్పోతుంది. వాసన తగ్గింది కదా, గాలి తేటపడింది కదా అని దిగిన మనిషి అప్పటికే ప్రాణాంతకమైన గాలిలోకి దిగుతున్నాడన్న మాట. కొన్ని వందల పీపీఎం దాటితే కొద్ది శ్వాసల్లోనే స్పృహ తప్పుతుంది. పైనుంచి చూసిన తోటి మనిషి ఆదుర్దాగా దూకుతాడు, అతనూ పడిపోతాడు. ఒకే గుంతలో ఇద్దరు ముగ్గురు చనిపోయే వార్తల వెనుక ఉన్నది ఈ మంచితనమే. మూత తీసి అరగంట ఆగడం, అగ్గిపుల్ల గీసి చూడడం వంటివి పరీక్షలు కావు. అక్కడ మీథేను కూడా ఉండవచ్చు కాబట్టి అగ్గిపుల్ల మరో ప్రమాదం.

వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీల వంటి చోట్ల శీతలీకరణకు వాడే అమ్మోనియా దీనికి పూర్తిగా భిన్నం. అది అతి తక్కువ మోతాదులోనే కళ్లు మండించి మనిషిని బయటికి తరుముతుంది. 300 పీపీఎం దాటితే అదీ ప్రాణాపాయమే. అయినా పారిపోవడానికి వ్యవధి ఇస్తుంది, తలుపు తెరిచి ఉంటే, గాలి ఎటు వీస్తోందో తెలిస్తే, ఎటు పరుగెత్తాలో ముందే చెప్పి ఉంటే. ఏడాదికోసారి అలారం మోగించి అందరినీ బయటికి నడిపించి చూడడానికి ఒక గంట పడుతుంది. ఆ గంట వెచ్చించని చోట వాయువు ఇచ్చిన హెచ్చరిక వృథా.

మురుగు పనిలో చట్టం స్పష్టంగా ఉంది. 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం మనిషిని ఆ గుంతలోకి ప్రమాదకరంగా దింపడాన్ని నిషేధించింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు అలాంటి మరణానికి 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలకు పెంచింది. నగరాల్లో యంత్రాలు ఉన్నాయి, మలవ్యర్థాల నిర్వహణకు వరంగల్ నగరం 2016లోనే తనకంటూ నిబంధనలు రాసుకుంది. అయినా ప్రైవేటు ఇంట్లో, అపార్టుమెంటులో మనిషిని పిలిచి దించడం ఇంకా పోలేదు. ఇక్కడ ముప్పును అదుపు చేయడం అనే మాటకు తావే లేదు. మనిషి దిగవలసిన అవసరాన్నే తొలగించే యంత్రం ఉన్నప్పుడు దింపడం నేరం, అంతే. పిలిచే ఇంటి యజమాని కూడా తాను ఆ క్షణంలో పని ఇస్తున్న యజమానినేనని గుర్తించాలి.

ఆపితే కూలి ఎవరిస్తారు?

అధికారం ఇచ్చినా వాడుకోలేని మనుషులు చాలామంది ఉన్నారు. ఏనుమాముల యార్డులో మిర్చి సీజన్‌లో హమాలీ కూలి బస్తా లెక్కన ఉంటుంది. బీడీ చుట్టే మహిళకు వేయి బీడీల లెక్కన ఉంటుంది. సిరిసిల్ల మరమగ్గం మీద మీటరు లెక్కన ఉంటుంది. ఇలా పని లెక్కన కూలి వచ్చే చోట విశ్రాంతి తీసుకోవడమంటే తన కూలిని తానే కోసుకోవడం. మధ్యాహ్నం ఎండలో తల తిరుగుతున్నా మరో 20 బస్తాలు దించేస్తే అయిపోతుందనే లెక్క హమాలీది. ఆ లెక్కను మూర్ఖత్వం అనడం అన్యాయం. ఆ లెక్క అలా ఉండేట్టు కూలి పద్ధతిని పెట్టినవారిది ఆ బాధ్యత.

బరువు విషయం చూద్దాం. ఒక వయోజన పురుషుడు చేతుల మీద మోసే గరిష్ఠ బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. వడ్ల కొనుగోలు కేంద్రాల్లో బస్తా 40 కిలోలు, కాబట్టి పైకి చూస్తే పరిమితిలోనే ఉంది. కానీ నడుమును విరిచేది ఒక బస్తా కాదు. రోజుకు 200 బస్తాలు మోస్తే 8 టన్నులు ఒక మనిషి వెన్ను మీదుగా వెళ్లినట్టు. లారీ మీద పై వరుసకు విసరడం, మలుపు తిరుగుతూ దించడం, జారే పలక మీద ఎక్కడం దానికి తోడు. ఎత్తు సరిచేసే ప్లాట్‌ఫారం, చక్రాల బండి, చిన్న కన్వేయరు బెల్టు ఇవేవీ అందని వస్తువులు కావు. మిర్చి యార్డులో ఘాటు దుమ్ము ఇంకో బాధ. తేజా రకం గుట్టలు కదిలించిన రోజున దగ్గూ కళ్ల మంటా తప్పవు, రంగుకు పేరుపడిన వరంగల్ చపాటతో పోలిస్తే దాని కారం చాలా ఎక్కువ.

ఎండ ఈ ప్రాంతపు ముప్పుల్లో అతి పెద్దది. రామగుండం, ఆదిలాబాద్, కొత్తగూడెం వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు మామూలు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి మరణానికి 4 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. మంచి నిర్ణయం. అయితే అది ప్రాణం పోయాక అందేది. ముందుగా కావలసింది పనివేళల మార్పు, నీడ, చల్లని నీళ్లు, ఓఆర్‌ఎస్, కొత్తగా పనిలోకి వచ్చిన మనిషికి మొదటి వారం తక్కువ పని. శరీరం వేడికి అలవాటుపడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. సెలవు నుంచి తిరిగొచ్చిన వారికీ, వలస వచ్చిన వారికీ మొదటి కొద్ది రోజుల్లో అపాయం ఎక్కువ కావడానికి కారణం ఇదే. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా పని ఆపమని కాగితం మీద రాసి, ఆ గంటల కూలి ఊసెత్తకపోతే ఆ కాగితాన్ని మొదట పక్కన పెట్టేది కార్మికుడే. ఆపిన గంటకు కూలి చెల్లించే ఏర్పాటు లేని భద్రతా నియమం సగం నియమమే.

యంత్రాల దగ్గర కూడా ఇదే లెక్క నడుస్తుంది. జిన్నింగు మిల్లులో యంత్రం నడుస్తుండగానే ఇరుక్కున్న పత్తిని చేత్తో లాగేది ఎందుకు? ఆపి మళ్లీ మొదలుపెడితే బేళ్ల లెక్క తగ్గుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పత్తి ప్రెస్సింగులో కాటన్ ఓపెనర్ (పత్తిని విడదీసే యంత్రం) నడిచే భాగంలో మహిళలను పనికి పెట్టకూడదని ప్రత్యేకంగా ఒక సెక్షనే రాసింది. చీర కొంగు, జడ, గాజులు యంత్రంలో చిక్కుకున్న అనుభవాలు ఆ కాలానికే ఉండి ఉండాలి. ఆడవారిని తప్పించడం కన్నా యంత్రాన్ని మార్చడం సరైన దారి. కంచె తెరిచిన క్షణంలో యంత్రం దానంతట అదే ఆగిపోయే ఇంటర్‌లాక్ పెడితే ఆపాలా వద్దా అనే నిర్ణయమే మనిషి మీద పడదు. సూపర్‌వైజరు అరుపులు ఇంటర్‌లాక్‌కు వినబడవు.

కంటికి కనబడని గాయాలు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక్క క్షణంలో జరిగే ప్రమాదాలు. పత్రికల్లో చోటు దక్కేది వీటికే. ఏళ్లు పట్టి చంపే జబ్బులకు ఆ చోటు కూడా లేదు. కరీంనగర్ గ్రానైటు క్వారీల్లో, పాలిషింగు యూనిట్లలో లేచే దుమ్ములో స్ఫటిక రూపంలోని సిలికా ఉంటుంది. కంటికి కనిపించే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగుతుంది. కనబడనంత సన్నని కణమే ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లి మచ్చ వేస్తుంది. సాధారణంగా పది పన్నెండేళ్ల తర్వాత ఆయాసంగా బయటపడుతుంది. సిలికోసిస్‌కు మందు లేదు. అది ఉన్నవారికి క్షయ సోకే అవకాశం పెరుగుతుంది, లక్షణాలూ క్షయనే పోలి ఉంటాయి. అందువల్ల చాలామందికి క్షయ మందులు రాసి పంపుతారు, ఏం పని చేస్తావు అని అడిగే డాక్టరు అరుదు. ఆ ఒక్క ప్రశ్న ఓపీ చీటీలో తప్పనిసరి చేసినా ఎంతో మేలు జరుగుతుంది. పాత ఫ్యాక్టరీల, గనుల చట్టాల్లోనూ, వాటి స్థానంలో 2025లో వచ్చిన కోడ్‌లోనూ ఇది ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల్లో ఉంది, నష్టపరిహారం ఇవ్వవలసిన జబ్బుల్లోనూ ఉంది.

ఇక్కడ పని ఆపగలిగే మనిషి ఎవరూ లేరు. దుమ్ము పీల్చిన రోజున నొప్పి ఉండదు. అందుకే కొలత కావాలి. గాలిలో దుమ్మును పరికరంతో కొలవాలి, ఎక్స్‌రే తీయాలి, ఊపిరి పరీక్ష చేయాలి, ఫలితం కార్మికుడి చేతికే ఇవ్వాలి. క్వారీల్లోని వలస కార్మికుడు జబ్బు బయటపడే నాటికి సొంతూళ్లో ఉంటాడు, ఇక్కడి రికార్డుల్లో మాత్రం ఆరోగ్యంగా పని మానేసినవాడు. నివారణ మాత్రం సులువే. డ్రిల్లింగు చేసేటప్పుడు, అంచులు అరగదీసేటప్పుడు నీరు పారిస్తే దుమ్ము చాలావరకు లేవనే లేవదు. ముక్కుకు కట్టుకునే తువ్వాలు సిలికాను ఆపదు. సరైన మాస్కు ముఖానికి బిగుతుగా ఉంటేనే పనిచేస్తుంది, మే నెలలో అలా ఎనిమిది గంటలు పెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. మాస్కు పెట్టుకోలేదని కార్మికుణ్ని తప్పుపట్టే యాజమాన్యం ముందు నీటి పైపు ఎందుకు వేయలేదో చెప్పాలి.

మరమగ్గాల చప్పుడు కూడా ఈ కోవలోదే. మన నిబంధనల్లో 8 గంటలకు పరిమితి 90 డెసిబెల్స్. చేయి చాచితే అందేంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తోందంటే వినికిడికి హాని జరిగే స్థాయికి చేరినట్టే. బీడీ కార్మికుల విషయం మరింత కష్టం. నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి జిల్లాల్లో పొగాకు ఇంట్లోకే వస్తుంది, పసిపిల్లలున్న గదిలోనే ఆరుతుంది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం సంక్షేమానికి దారి చూపింది గానీ ఇల్లే కార్ఖానా అయిన చోట గాలిని ఎవరు తనిఖీ చేస్తారు?

కొత్త చట్టం ఇచ్చినదీ ఇవ్వనిదీ

2025 నవంబరు 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం, గనుల చట్టం వంటివాటి స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. అందరికీ నియామక పత్రం, నిర్ణీత వయసు దాటినవారికి ఏటా ఉచిత వైద్య పరీక్ష మంచి అంశాలు. వైద్య పరీక్ష నిజంగా జరిగితే సిలికోసిస్ వంటివి ముందే పట్టుబడతాయి. మరోవైపు, కరెంటు వాడే చోట ఫ్యాక్టరీగా లెక్కించడానికి కావలసిన కార్మికుల సంఖ్య 10 నుంచి 20కి పెరిగింది, కరెంటు లేని చోట 20 నుంచి 40కి పెరిగింది. రైసు మిల్లులు, మరమగ్గాల షెడ్లు, గ్రానైటు పాలిషింగు యూనిట్లు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో ఈ మార్పు చిన్నది కాదు. 12 మంది పనిచేసే యూనిట్‌కు కోడ్‌లోని సాధారణ బాధ్యతలు వర్తించినా, ఫ్యాక్టరీకి ఉండే ప్రత్యేక నిబంధనల నుంచి జారిపోతుంది. భద్రతాధికారి తప్పనిసరి కావడానికి మామూలు ఫ్యాక్టరీలో 500 మంది, ప్రమాదకర పరిశ్రమలో 250 మంది ఉండాలి. సంగెం, గీసుకొండ మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో పెద్ద యూనిట్లకు ఇది వర్తిస్తుంది. జమ్మికుంట జిన్నింగు మిల్లుకు వర్తించదు.

తక్షణ అపాయం ఉందని నమ్మితే కార్మికుడు యజమానికీ ఇన్‌స్పెక్టరుకూ తెలియజేయవచ్చని కోడ్ చెబుతోంది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన సవరణల్లోనూ ఇలాంటి హక్కే ఉండేది. తెలియజేయడం ఒకటి, ఆపడం ఒకటి. సర్దార్‌కు ఉన్నట్టు జిన్నింగు కార్మికుడికి వెనక్కి తగ్గే అధికారం ఇంకా రాలేదు. 2018 జులైలో వరంగల్ కోటిలింగాల దగ్గర బాణసంచా గోదాములో, 2025 జూన్ 30న పాశమైలారం ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుళ్లు గుర్తుచేసుకుంటే ఈ తేడా బరువు అర్థమవుతుంది. పాశమైలారంలో చనిపోయినవారు 40 మందికి పైనే.

చట్టం మారేదాకా ఆగకుండా చేయగలిగినవి ఉన్నాయి. కాంట్రాక్టు ఒప్పందంలోనే, భద్రతా కారణంతో పని ఆపిన సమయానికి కూలి తగ్గించరాదని ఒక వాక్యం రాయవచ్చు. దానికి ప్రభుత్వ సంస్థలు ముందు నడవాలి, ఎందుకంటే ఇక్కడ పెద్ద కాంట్రాక్టులు ఇచ్చేది అవే. 500 మంది లేని చిన్న యూనిట్లు ఒక పారిశ్రామిక వాడలో పది పదిహేను కలిసి ఒక భద్రతాధికారిని నియమించుకోవచ్చు. ప్రమాదం తృటిలో తప్పిన ప్రతిసారీ ఒక పుస్తకంలో రాసి, రాసినవారిని దండించకుండా వారానికోసారి అందరూ కూర్చుని చదవవచ్చు. ఆ పుస్తకం నెల రోజులు ఖాళీగా ఉందంటే అక్కడ ప్రమాదాలు లేవని కాదు, రాయడానికి భయపడుతున్నారని అనుమానించాలి.

ప్రమాదం జరిగిపోయిన కుటుంబాలు తెలుసుకోవలసినది ఒకటుంది. చనిపోయిన మనిషి కాంట్రాక్టరు కింద పనిచేశాడని చెప్పి అసలు సంస్థ చేతులు దులుపుకోలేదు. పరిహారం మొదట అసలు యజమాని నుంచే కోరవచ్చనీ, అతను దాన్ని కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చనీ 1923 నాటి పరిహార చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్ కూడా అదే సూత్రాన్ని కొనసాగించింది, ఇంటికీ పనిచోటుకూ మధ్య దారిలో జరిగే ప్రమాదాలను కూడా కలిపింది. అంత్యక్రియల రోజున తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకోవడానికి వచ్చేవారికి ఏమీ సంతకం పెట్టకుండా, హాజరు చీటీ, జీతం బ్యాంకు ఖాతాలో పడిన ఆధారం, పోస్టుమార్టం నివేదిక, ఎఫ్ఐఆర్ నకలు దగ్గర పెట్టుకుని జిల్లా కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లాలి.